ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా?

అక్టోబర్ 7, శనివారం

ఈ ఉదయం మా నాన్న నన్ను గాలిలోంచి గెంటేశాడు. ఇంట్లోంచి గెంటితే ఇరుగుపొరుగుకే తెలుస్తుంది. ఈయన సగం పెన్సిల్వేనియా వింటుండగా గెంటాడు. అరవలేదు, తిట్టలేదు. ఒక్క మాటతో పని పూర్తి చేశాడు.

ఇద్దరం హామ్‌లం, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్లు నడిపేవాళ్ళం. డెబ్బై అయిదు మీటర్ల బ్యాండ్ మీద శనివారం పొద్దున జరిగే గోష్ఠికి ఆయనే పెద్ద. అక్కడ అందరూ ఏఎమ్. అంటే తాతల కాలం పద్ధతి, బీరువా అంత ట్రాన్స్‌మిటర్లు, పీపాలోంచి వచ్చినట్టుండే గొంతులు. అన్నిట్లోకీ పెద్ద పీపా హార్లన్ జెర్బీ, అనగా మా నాన్న. నలభై ఏళ్ళుగా ఆవుల్నీ ట్రాక్టర్లనీ చచ్చిపోయినవాళ్ళ మంచాల్నీ వేలం పాడిన గొంతు అది.

పోయిన శనివారం నేను చేసిన నేరం ఇదీ: ఆయన గొంతు పెట్టి గోష్ఠి సభ్యులందర్నీ వరసగా వేలం వేశాను. "ఎల్వుడ్ కిస్ట్లర్, పాత మోడల్, చెవులు పనిచెయ్యవు, నోరు మాత్రం కొత్తదే, ఎంతకి అడుగుతారు?" ఒహాయోలో ఒకాయన నవ్వు ఆపుకోలేక కాఫీ మైకు మీద ఒలకబోసుకున్నాడు. ఆఖర్న నాన్ననే బల్ల మీద పెట్టాను. "గొంతు ఒకటి, ఈమధ్య కాస్త బొంగురుపోయింది, ఇంకా నడుస్తుంది, ఎవరికి కావాలి?" ఒహాయో కూడా నవ్వలేదు.

ఇవాళ పద్ధతి ప్రకారం అడిగాను. మాట్లాడే ముందు ప్రతి హామ్ అడగాల్సిన మాటే; ఉంది అంటే ఇంకో చోటికి పొమ్మని. "ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా?"

"ఉంది," అన్నాడు నాన్న.

అంతే. తర్వాత కిస్ట్లర్‌ని పిలిచి వాతావరణం గురించి మాట్లాడాడు. కన్నకొడుకుతో అన్నది, ఏ అపరిచితుడితోనైనా అనే మాట.

తీర్మానం ఒకటి: ముందు ఆయన మాట్లాడేదాకా నేను మాట్లాడను. తీర్మానం రెండు: బ్యాండ్ మారుస్తాను. పది మీటర్ల మీద కూడా ఏఎమ్ నడుస్తుంది, ఇరవై తొమ్మిది మెగాహెర్ట్జ్ దగ్గర. పగలు తెరుచుకుంటుంది, సముద్రాలు దాటుతుంది. నాన్న దాన్ని "లారీ డ్రైవర్ల పక్క వీధి" అంటాడు. అందుకే ఎంచుకున్నాను.

అక్టోబర్ 9

అమ్మ షాపుకి ఫోన్ చేసింది. తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుని ట్రాక్టర్ విడిభాగాలు అమ్ముకుంటున్నవాడికి పని వేళల్లో ఫోన్ చెయ్యకూడదని ఆవిడకి తెలియదు.

"మీ నాన్న గొంతు బొంగురు జలుబు కాదట్రా. కంతి. వచ్చే నెల పద్నాలుగున ఆపరేషన్. గొంతు పెట్టె మొత్తం తీసేస్తారట."

"తీసేస్తే?"

"తీసేస్తే ఏముంటుంది, మాట ఉండదు. నువ్వు వేలం పాట పాడావు చూడు, దానికి ముందు రోజే డాక్టర్ చెప్పాడు."

నాకెలా తెలుస్తుంది? చెప్పాలిగా. చెప్పడానికి అప్పటికి ఆయనకి గొంతు ఉందిగా.

"పద్నాలుగు లోపు వచ్చి మాట్లాడు టైటస్."

"ముందు ఆయన మాట్లాడాలి."

"ఆయనా ఇదే అన్నాడు. మీ ఇద్దర్నీ ఒకే మూసలో పోసినప్పుడు నన్నెవరూ అడగలేదు," అని పెట్టేసింది.

తీర్మానం మారలేదు. గడువు మాత్రం వచ్చి చేరింది.

అక్టోబర్ 12

పది మీటర్లు. తొలి పిలుపు.

షాపు మీదే నా గది. భోజనం వేళ మెట్లెక్కి, మైకు పట్టుకుని, శాస్త్రోక్తంగా పిలిచాను. కాన్సాస్ నుంచి రోస్కో అనే గోధుమ రైతు పలికాడు. ఏ వయసు హామ్‌నైనా 'పెద్దాయనా' అనడం మా ఆచారం.

"పెద్దాయనా, నీ క్యారియర్ పెద్ద లారీలా ఉంది, లోపల నీ మాట చిట్టెలుకలా ఉంది. మీటలన్నీ చివరికంటా తిప్పేశావా?"

తిప్పేశాను. ఏఎమ్‌లో ముందు క్యారియర్ అనే మోసే అల బయల్దేరాలి, దాని వీపు మీద మాట ఎక్కాలి. మోతకే బలమంతా పెట్టేస్తే మాటకి చోటుండదు. మోతకి పావు వంతు చాలు, మిగతాది గొంతుకి వదిలెయ్యాలి. నాకు పదకొండేళ్ళప్పుడు ఎవరో నేర్పారు. ఎవరు నేర్పారో గుర్తున్నందుకే సూత్రం మర్చిపోయాను.

పావుకి తగ్గించాను. "అదీ, ఇప్పుడు మనిషివయ్యావు," అన్నాడు రోస్కో. "ఎక్కడ నేర్చుకున్నావు?"

"స్వయంకృషి," అన్నాను.

అక్టోబర్ 17

అరిజోనా. ఐర్లండ్. క్యూబాలో పళ్ళు పీకే డాక్టర్. అందరితోనూ మా నాన్న గురించే మాట్లాడాను, ఎందుకంటే అంతకన్నా నవ్వు తెప్పించే సరుకు నా దగ్గర లేదు. భోజనం బల్ల దగ్గర ఉప్పు కావాలంటే ఆయన "ఉప్పు, ఉప్పు, ఎవరందిస్తారు ఉప్పు" అని పాడటం, ఆవు ఈనినా పెళ్ళి జరిగినా ఒకే రాగం తియ్యడం. ఐర్లండ్ చాలా ఆనందించింది.

ఈ బ్యాండ్‌లో ఉన్న సుఖం అదీ. అల ఆకాశానికి తగిలి వేల మైళ్ళ అవతల దిగుతుంది. మా లోయ మీంచి ఎగిరిపోతుంది. నా మాటలు ప్రపంచమంతా వింటుంది, మావాళ్ళు తప్ప.

అక్టోబర్ 20

అమ్మ ఫోన్. తన అప్పడాల కర్ర కనబడటం లేదట. రెండ్రోజులు వెతికితే మేడ మీద రేడియో గదిలో దొరికిందట, నాన్న దాని మీద వేలెడు మందం రాగి తీగ చుడుతూ కూర్చున్నాడట.

"ఏం చుడుతున్నాడు?"

"నాకేం తెలుసు? పొట్టి అలకి తక్కువ చుట్లు చాలంటున్నాడు. నా పేస్ట్రీలు ఎలా ఒత్తుకోవాలో మాత్రం చెప్పట్లేదు."

జబ్బు మనుషుల్ని ఎలా మారుస్తుందో చూడండి.

అక్టోబర్ 24

ఇవాళ ఒక వింత. రోస్కోతో ముగించి స్విచ్ వదిలాను. మామూలుగా అప్పుడు రిసీవర్లో బుసబుసమని గాలి మోత మిగులుతుంది. ఆ బుస ఠక్కున ఆగిపోయింది. మీటర్ ముల్లు లేచి నిలబడింది. ఎవరిదో క్యారియర్. మాట లేదు. తలుపు తీసుకుని గదిలోకి వచ్చి నిలబడి ఏమీ అనని మనిషిలా ఉంది.

"ఎవరండీ?" అన్నాను. ముల్లు పడిపోయింది. మళ్ళీ బుస.

ఏఎమ్‌లోనే సాధ్యమిది. ఇప్పటి పద్ధతుల్లో నోరు మూసుకుంటే ఏమీ బయల్దేరదు. ఏఎమ్‌లో మాట్లాడకపోయినా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది.

పోర్చుగల్ అయ్యుంటుంది.

అక్టోబర్ 25

పోర్చుగల్ మళ్ళీ వచ్చింది. మాట్లాడలేదు.

అక్టోబర్ 28

దూరపు స్టేషన్లన్నీ అలలా పెరుగుతూ తరుగుతూ వినిపిస్తాయి. పోర్చుగల్ కొట్టిన మేకులా కదలదు. అంత కదలకుండా వచ్చేవి పక్క ఊరి స్టేషన్లే. అవి ఆకాశానికి ఎగరవు, నేల పట్టుకుని పాక్కుంటూ వస్తాయి.

పోర్చుగల్ చాలా క్రమశిక్షణ గల దేశం.

ఇంకో సంగతి. ఎవడైనా సరే తన కాల్‌సైన్, అంటే లైసెన్స్ మీది పేరు, చెప్పుకోవాలి, అది చట్టం. వీడు చెప్పడం లేదు. మా నాన్న వింటే ఫిర్యాదు రాసేవాడు. కాల్‌సైన్ ఒక్క నిమిషం ఆలస్యంగా చెప్పాడని సొంత బావమరిదితో మూడేళ్ళు మాట మానేసిన మనిషి.

అక్టోబర్ 31

ఊరంతా దయ్యాల వేషాలేసుకుని తిరుగుతోంది. మా దయ్యం వేళకి వచ్చింది. కాస్త వాయించాను.

"నాలిక ఎలక కొట్టిందా పెద్దమనిషీ? కరెంటు ఖర్చు పెట్టుకుని మౌనవ్రతం ఎందుకు, ఊరికే చర్చిలో కూర్చోవచ్చుగా. మాట రాకపోతే దగ్గు. దగ్గూ రాకపోతే స్విచ్ కట్టేసి పడుకో."

క్యారియర్ చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత పోయింది. రోస్కో అన్నాడు: "నాకు మధ్యలో నీ మాట ఒక్కటే వినబడింది. ఎవర్ని తిడుతున్నావు పెద్దాయనా?"

కాన్సాస్‌కి వినబడని పోర్చుగల్. పక్క ఊరికి చాలేంత బలమే పెట్టినట్టుంది.

నవంబర్ 4, శనివారం

కిస్ట్లర్ కౌంటర్ దగ్గరికి వచ్చాడు. గడ్డి కోసే యంత్రానికి బెల్టు కావాలట. బెల్టు బల్ల మీద పెట్టాను. తీసుకోలేదు.

"మీ నాన్న నెల నుంచి గోష్ఠికి రావట్లేదు. నేను నడుపుతున్నాను."

"పాపం గోష్ఠి."

"గొంతు దాచుకుంటున్నాడట. మిగిలింది కాస్తే, దేనికో కావాలి అన్నాడు. దేనికని అడిగితే నీకెందుకన్నాడు."

"మీకెందుకు మరి?"

"ఒరేయ్ టైటస్, నీకు బుర్ర ఉంది, నోరుంది, మధ్యలో ఏ తీగా లేదు. ఆ రెండూ ఎప్పుడూ కలవలేదు."

"బెల్టు సరిపోతుందా కిస్ట్లర్ గారూ? మీ మోడల్‌కి ఇప్పుడు దొరకడం కష్టం."

"పద్నాలుగున అయిపోతుందిరా. ఆ తర్వాత ఆ గొంతు వినాలంటే నీ వెకిలి వేషమే దిక్కు."

బెల్టు తీసుకుని తలుపు విసురుగా వేసి పోయాడు. తలుపు మీద గంట చాలాసేపు మోగింది. కొలత తప్పు బెల్టు ఇచ్చాను. కావాలనే.

నవంబర్ 8

పోర్చుగల్ ఇవాళ మైకు తెరిచి ఉంచింది. ఏఎమ్‌లో గది మొత్తం వస్తుంది. ఊపిరి వినబడింది. వెనక ఎక్కడో కుక్క మొరిగింది, ఒక ఆడగొంతు, "బిడ్డర్, కుర్చీ దిగు" అంది.

మా ఇంట్లో కుక్క పేరు బిడ్డర్. వేలం శాలలో ప్రతి వస్తువుకీ పంజా ఎత్తేదని నాన్న పెట్టాడు.

పోర్చుగల్‌లో కూడా వేలాలు ఉంటాయి.

నవంబర్ 12

"రేపొక్కరోజేరా," అంది అమ్మ.

"ఆయన్ని మాట్లాడమను."

"మాట్లాడతాడట. మాట్లాడే చోట మాట్లాడతాడట. మీ ఇద్దరికీ నా వంటిల్లు ఎందుకు పనికిరాదో దేవుడికి తెలియాలి."

నవంబర్ 13

మధ్యాహ్నం మెట్లెక్కాను. బ్యాండ్ తెరుచుకుని ఉంది, నేను ఎవర్నీ పిలవలేదు. కూర్చున్నాను, అంతే. బుస ఆగింది. ముల్లు లేచింది. ఊపిరి. వేలం మొదలుపెట్టే ముందు బల్ల అంచు పట్టుకుని ఛాతీ నిండా పీల్చే ఊపిరి.

తర్వాత మాట. గీసుకుపోయిన గొంతు, పీపా పగిలి పలకలు మిగిలినట్టు.

"ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా?"

క్యారియర్ పడిపోయింది. నా వంతు.

నేను స్విచ్ నొక్కి, "ఉంది," అన్నాను.

బుస. ఇంకాస్త బుస. ముల్లు మళ్ళీ లేవలేదు.

వాడు కాల్‌సైన్ చెప్పలేదు. చెప్పనివాడు ఎవడైనా కావచ్చు. నాకేం తెలుస్తుంది ఎవడో.

నవంబర్ 14

కాయితాల ప్రకారం ఇవాళ షాపులో సరుకు లెక్క చూశాను. లెక్క కుదరలేదు.

నవంబర్ 16

ఆసుపత్రి పార్కింగ్ విశాలంగా ఉంది. చెట్లు కూడా పెట్టారు.

నవంబర్ 19

పార్కింగ్.

నవంబర్ 27

నాన్నని ఇంటికి తెచ్చారు. అమ్మ ఫోన్.

"పలక ఒకటి కొనిచ్చాను. మొదట ఏం రాశాడో తెలుసా? నాకేమీ అర్థం కాలేదు. 'ఉంది అన్నాడు వాడు.' అది రాసి చూపిస్తాడు, తుడుస్తాడు, మళ్ళీ అదే రాస్తాడు. భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఇప్పుడు శబ్దం రాదుగా. నువ్వేం అన్నావురా?"

"నేనేం అన్లేదు."

"ఏం ఉంది అన్నావు?"

"అమ్మా, కౌంటర్ దగ్గర జనం ఉన్నారు."

ఎవరూ లేరు. మంచు పడుతోంది.

డిసెంబర్ 2

పోర్చుగల్ రాలేదు.

డిసెంబర్ 5

మధ్యాహ్నం అడిగాను. ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా అని. గాలి మోత. రోస్కో ఎక్కడినుంచో దిగబడి, "లేదు పెద్దాయనా, వచ్చి కూర్చో, మీ నాన్న ఉప్పు కథ చెప్పు," అన్నాడు. సిగ్నల్ సరిగా లేదని తప్పించుకున్నాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

డిసెంబర్ 9, శనివారం

కిస్ట్లర్ బెల్టు మార్చుకోవడానికి వచ్చాడు. సరైన బెల్టు ఇచ్చాను. తలుపు దగ్గర ఆగి, "ట్రాన్స్‌మిటర్‌కి దుప్పటి కప్పేశాడు. నోరు లేనివాడికి మైకెందుకని రాశాడు," అన్నాడు.

"మొన్నటిదాకా నోరున్నప్పుడు మైకు పట్టుకుని ఊరికే కూర్చోలేదా?"

"ఏంటి?"

"ఏం లేదు. తలుపు మెల్లిగా వెయ్యండి."

డిసెంబర్ 10

అడిగాను. లేదు.

డిసెంబర్ 14

అడిగాను.

డిసెంబర్ 21

అడిగాను. ఇవాళ ఐర్లండ్ అంది: "నువ్వు రోజూ ఒకే ప్రశ్న అడిగి పోతున్నావేమిటి అబ్బాయ్? ఖాళీగానే ఉంది, వాడుకో." దానికి అర్థమయ్యేలా చెప్పడం కుదరదు. నాకు ఖాళీ ఫ్రీక్వెన్సీ అక్కర్లేదు.

డిసెంబర్ 25

వెళ్ళలేదు. అమ్మ బెల్లప్పాకం పోసి కాల్చిన మొలాసిస్ పై ఒకటి మెట్ల మీద పెట్టి వెళ్ళింది. అంచులు మందంగా, వంకరగా ఉన్నాయి. అప్పడాల కర్ర ఇంకా మేడ మీదే ఉన్నట్టుంది.

అమ్మకి ఫోన్ చేశాను. "ఆ కర్ర ఆయన దగ్గరే ఉంచు. తీగ విప్పనివ్వకు. దుప్పటి మాత్రం ఉతకాలని చెప్పి పట్టుకెళ్ళిపో."

"ఏ దుప్పటి?"

"ఆ డబ్బా మీది దుప్పటి."

"మీరిద్దరూ నన్ను ఏదో ఆటలో వాడుకుంటున్నారు," అంది. అని, "వేడినీళ్ళలో ఉతకాలా, చన్నీళ్ళలోనా?" అంది.

జనవరి 1, సోమవారం

కొత్త సంవత్సరం. షాపు మూత. మా జిల్లా మొత్తం పంది మాంసం, పులిసిన క్యాబేజీ వండుకుంటున్న వాసన. ఇవాళ అది తినకపోతే ఏడాదంతా దరిద్రమట. సాయంత్రం రమ్మని అమ్మ పిలుపు, వస్తానని నేను అనలేదు.

మధ్యాహ్నం కూర్చున్నాను. కాల్‌సైన్ చెప్పాను, చట్టం కాబట్టి. "ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా?"

బుస.

ఠక్కున ఆగింది. ముల్లు లేచింది, కొట్టిన మేకులా. మాట లేదు. ఎక్కడో దూరంగా గిన్నెల చప్పుడు, కుక్క గోళ్ళు చెక్క నేల మీద.

ఉందట.

ముల్లు పడింది. నా వంతు. సారీ అనే పదం ఒకటుంటుంది, కానీ మా ఇంట్లో దాన్ని ఎవరూ ఎప్పుడూ వాడలేదు, ఎలా పలకాలో కూడా తెలియదు. అందుకని వచ్చిందే చేశాను. బల్ల అంచు పట్టుకుని ఊపిరి పీల్చి, ఆయన గొంతు పెట్టాను. పగలని పీపా, నా చిన్నప్పటిది.

"వేలం, వేలం. ఇవాళ్టి సరుకు ఒకే ఒక్కటి. కొడుకు ఒకడు. ఇరవై నాలుగేళ్ళ వాడకం. తత్వశాస్త్రంలో పట్టా ఉంది, దాన్ని తీసేసి కూడా అమ్మబడును. నోరు ఎక్కువ, మోత ఎక్కువ, పావు వంతుకి తగ్గించి వాడుకోవాలి. వంద డాలర్లు, వంద, వంద, ఎవరిస్తారు వంద?"

వదిలాను. బుస. వేలంలో నోరుండాల్సింది పాడేవాడికే. కొనేవాడికి తల ఊపితే చాలు.

ఎవరూ ఊపలేదు.

"యాభై. కడుక్కుని వాడుకోండి బాబూ, యాభై."

బుస.

"పది? కిస్ట్లర్‌తో కలిపి తీసుకుంటే అయిదు?"

బుస. దాంట్లో కూడా ఆయన తిరస్కారం వినబడింది నాకు. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, బేరం అడుగంటేదాకా చెయ్యెత్తడు.

"ఒక్క డాలర్ అయ్యలారా."

బుస.

"సరే. ఊరికే. ఎత్తుకుపోయేవాళ్ళకి ఊరికే."

బుస ఆగింది. ముల్లు లేచి నిలబడింది. దింపలేదు. అలాగే పట్టుకుని ఉన్నాడు, వెనకాల బిడ్డర్ మొరుగుతోంది, అది కూడా పంజా ఎత్తే ఉంటుంది. అమ్మ, "ఏంటండీ ఆ నవ్వు, గాయం రేగుతుంది," అంటోంది.

చెయ్యి దింపేదాకా ఆగాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాను. బల్ల మీద గుద్దాను.

కొన్న సరుకు కొన్నవాళ్ళే మోసుకెళ్ళాలన్నది జెర్బీ వేలం శాల నియమం, గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. కొన్నాయనకి ఇంకా మెట్లు దిగే ఓపిక లేదు. క్యాబేజీ చల్లారిపోతుంది. ఈ ఒక్కసారికీ సరుకే నడిచి వెళ్తుంది.